టన్ను బొగ్గులో బడి వాటా

గోదావరిఖని గురించి రాసేవాళ్ళు బాయి గురించి రాస్తారు, సమ్మెల గురించి రాస్తారు. బడి గురించి రాసేది తక్కువ. ఈ ఊరికి వర్తించిన చట్టాలను వరసగా చదువుతూ పోతే నాకు ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ ఎదురైంది. తవ్విన బొగ్గులో బడికి వాటా ఉందా? ఉంటే, ఎవరి పిల్లల బడికి?

మొదటి జవాబు 1947 నాటిది. ఆ ఏడాది వచ్చిన బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి చట్టం, గని నుంచి పంపే ప్రతి టన్ను మీద సుంకం వేసింది. ఆ డబ్బు కార్మికుల ఇళ్ళకు, వైద్యానికి, పిల్లల చదువుకు. అంటే వాటా ఉంది. కాకపోతే అది తండ్రి మస్టర్‌ను బట్టి వస్తుంది. బాయిలో పేరు లేనివాడి పిల్లలు లెక్కలోకి రారు.

రామగుండం ప్రాంతంలో బాయిలు తెరిచింది 1960ల మొదట్లో. 1978లో ఎన్టీపీసీకి శంకుస్థాపన జరిగింది, 1980లో ఎరువుల కర్మాగారం నడవడం మొదలైంది. కంపెనీకో కాలనీ వచ్చింది. కాలనీల బయట ఊరు ఇంకా వేగంగా పెరిగింది. ఆ ఊరికి బడులు కావాలి.

సరిగ్గా అప్పుడే రెండు దారులు మూసుకుపోయాయి. 1982 విద్యా చట్టం ప్రకారం ప్రైవేటు బడులకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వొచ్చు. ఎయిడెడ్ బడంటే అదే: టీచర్ల జీతం సర్కారుది, ఫీజు నామమాత్రం. 1988లో ఇంకో చట్టం తెచ్చి, 1985 మార్చి 1 తర్వాత పెట్టిన బడులకు గ్రాంటు లేదన్నారు. పాత పట్నాల్లో అప్పటికే గ్రాంటు అందుకున్న బడులున్నాయి. ఆలస్యంగా పుట్టిన ఊరికి ఆ తేదీ పెద్ద దెబ్బ. రెండోది కేంద్రం చేసింది. 1986లో సంక్షేమ నిధి చట్టాన్ని రద్దు చేసి, ఆ బాధ్యతను బొగ్గు కంపెనీలకు వదిలేసింది.

సింగరేణి తన ఎడ్యుకేషనల్ సొసైటీ ద్వారా బడులు నడుపుతూనే ఉంది. కానీ 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మనెంట్ కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. ఓపెన్‌కాస్ట్‌లలో మట్టి తీసేది, లారీలు నడిపేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులే. తండ్రి మస్టర్‌ను చూసి పిల్లల చదువుకు లెక్క కట్టే పాత పద్ధతి వాళ్ళకు పనికిరాదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తండ్రి ఎవరని అడగదు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ దగ్గరి బడిలో ఉచిత విద్య హక్కు. అయితే బొగ్గు డబ్బు గురించి అందులో మాట లేదు.

ఆ మాట 2015లో వచ్చింది. గనుల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి పెట్టాలన్నారు. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. పాత లీజు గనులైతే అందులో 30 శాతాన్ని నిధికి కట్టాలి. వంద రూపాయల బొగ్గుకు నాలుగు రూపాయల ఇరవై పైసలు. ఈసారి వాటా కార్మికుడిది కాదు, గనివల్ల నష్టపోయిన ప్రాంతానిది. నా దృష్టిలో ఇది పెద్ద మార్పు. ఓసీపీ పక్కన దుమ్ములో ఉండే కాంట్రాక్టు డ్రైవర్ కూతురికి, భూమి పోయిన రైతు కొడుకుకు ఈ డబ్బులో చట్టబద్ధమైన భాగం ఉంది.

కానీ ఇంత భాగం చదువుకే అని చట్టం గిరి గీయలేదు. ముఖ్యమైన పనుల జాబితాలో చదువు, మంచినీళ్ళు, వైద్యం, పారిశుధ్యం పక్కపక్కనే ఉన్నాయి. ఏ పనికి ఎంతన్నది జిల్లా స్థాయిలో తేలుతుంది. అడిగేవాళ్ళు లేకపోతే బడి వెనకబడుతుంది.

అడగడానికి ఒక వేదిక ఉంది. విద్యాహక్కు చట్టమే సర్కారు బడులకు యాజమాన్య కమిటీలు పెట్టమంది, అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది. ఆ కమిటీలు ఏటా ఖనిజ నిధి లెక్క ముందర పెట్టుకుని తమ బడి పేరు ఎక్కడుందో వెతకాలి. లేకపోతే కలెక్టరేట్‌కు పోయి అడగాలి.