చెట్టు నీడ నుంచి కాక్‌టెయిల్ బారు దాకా



పెద్ద నగరాల పాత పేటల్లో ఈ మధ్య ఒక కొత్త రకం బార్లు వెలుస్తున్నాయి. పాత మేడను చెడగొట్టకుండా బాగుచేసి, మెత్తని కుర్చీలు వేసి, దీపాల వెలుగు తగ్గిస్తారు. రెండు మూడు రకాల మద్యంలో నిమ్మరసం, చక్కెర, సుగంధ ద్రవ్యాలు కలిపి గాజు గ్లాసులో పోసి ఇస్తారు. దాన్నే కాక్‌టెయిల్ అంటారు. ఇడపనూరులో కూర్చుని రేడియో వింటున్న మీకు, ఆ ముచ్చట మనకెందుకు అనిపించవచ్చు. కాని ఆ గ్లాసు చరిత్ర తవ్వుకుంటూ పోతే అది మన నేల మీదికే వచ్చి చేరుతుంది. ఎలాగో ఈనాటి ప్రసంగంలో చూద్దాం.

హాయిగా కూర్చుని తాగే చోటు పడమటివాళ్లు నేర్పిందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో పండితుడు శామశాస్త్రిగారి చేతికి వచ్చింది. 1909లో ఆయన దాన్ని అచ్చు వేయించారు. అందులో సురాధ్యక్షుడనే అధికారి గురించి ఒక అధ్యాయమే ఉంది. పానశాలలో వేరువేరు గదులుండాలట. పడకలు, ఆసనాలు అమర్చాలట. పరిమళ ద్రవ్యాలు, పూలదండలు, నీళ్లు, ఏ రుతువుకు తగిన సౌఖ్యం ఆ రుతువుకు సిద్ధంగా ఉంచాలట. బెల్లంతో, మిరియాలతో, పిప్పళ్లతో, త్రిఫలాలతో చేసే మైరేయమనే పానీయం సంగతీ అందులో ఉంది.

అయితే కౌటిల్యుడు సౌఖ్యం చెప్పి ఊరుకోలేదు. పానశాలలు ఒకదాని పక్కన ఒకటి ఉండకూడదన్నాడు. పనివాళ్లు పని చెడగొట్టుకోకుండా కొలత ప్రకారమే అమ్మాలన్నాడు. మత్తులో ఉన్నవాడి సొత్తు పోతే దుకాణదారు ఆ నష్టం పూడ్చి, అంతే సొమ్ము జరిమానా కూడా కట్టాలన్నాడు. ఎవడెంత ఖర్చు పెడుతున్నాడో కనిపెట్టడానికి వేగులవాళ్లను కూర్చోబెట్టాడు. అంటే తాగేవాడు, అమ్మేవాడు, పన్ను పట్టే సర్కారు, ఈ ముగ్గురూ ఆనాటికే తయారుగా ఉన్నారన్నమాట. నాలుగో మనిషి మాట చివర్లో చెబుతాను.

ఇప్పుడు తెలుగు సముద్రతీరానికి వెళ్దాం. నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నాన్ని ఆ రోజుల్లో తెల్లవాళ్లు పెటపొలి అనేవారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అక్కడ కోఠీ పెట్టారు. నెలల తరబడి ఓడలో వచ్చేసరికి వాళ్ల ద్రాక్ష సారాయి, బీరు నిలవ ఉండేవి కావు. ఇక్కడ దొరికేది మన నాటు సారా. దాని ఘాటు తట్టుకోవడానికి చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధ ద్రవ్యం కలుపుకొన్నారు. సారాతో కలిపి లెక్కిస్తే ఐదు వస్తువులు. దానికి పంచ్ అనే పేరు నిలిచింది. మన ‘పంచ’ అనే మాట నుంచే అది పుట్టిందని పెక్కుమంది పండితులు చెబుతారు. పీపాకు ఇంగ్లీషులో ఉన్న పేరు నుంచి వచ్చిందని మరికొందరి వాదం. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ పానీయాన్ని గురించి ఇంగ్లీషులో దొరికిన మొట్టమొదటి ప్రస్తావన 1632 నాటి ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం అందుకున్న థామస్ కాలీ అనే వర్తకుడు ఉన్న ఊరు ఏదో తెలుసా? ఈ పెటపొలియే!

పంచ్ ఇక్కడి నుంచి ఓడలెక్కి లండను చేరింది, అక్కడి నుంచి అమెరికా చేరింది. 1806లో న్యూయార్కు రాష్ట్రంలోని హడ్సన్ పట్టణపు పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో వివరించింది. సారాయి, చక్కెర, నీళ్లు, చేదు మూలికల రసం కలిపితే కాక్‌టెయిల్ అని రాసింది. పెద్ద గిన్నెలో పదిమందికి కలిపే పంచ్‌కూ, ఒక్కడి గ్లాసులో కలిపే కాక్‌టెయిల్‌కూ చుట్టరికం ఇలా కలుస్తుంది.

మరి మన దోఆబు సంగతేమిటి? కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేల చేతులు మారిన నేల. రాయచూరు కోట గోడలోని పొడవాటి రాతి మీద 1294 నాటి తెలుగు శాసనం ఇప్పటికీ ఉంది. 1853లో నిజాం ఈ దోఆబును ఇంగ్లీషువాళ్లకు అప్పగించి, 1860లో తిరిగి తీసుకున్నాడు. 1956 దాకా మనం హైదరాబాదు సంస్థానం, తర్వాత హైదరాబాదు రాష్ట్రం కింద ఉన్నాం. ఆ సర్కారుకు భూమిశిస్తుతో పాటు పెద్ద ఆదాయం ఆబ్కారీది. ఆబ్కార్ అంటే పారశీకంలో సారా కాచేవాడు. ఈతకల్లును సర్కారు కాగితాల్లో సేందీ అని రాసేవారు. ఈడిగవాడు ప్రాణాలకు తెగించి చెట్టెక్కుతాడు. చెట్టుకు పన్ను, దుకాణానికి వేలంపాట. పాట పాడిన గుత్తేదారుకు లాభం, ఖజానాకు రాబడి. చెట్టు నీడన ముంత ముందు పెట్టుకుని, గుగ్గిళ్లు నములుతూ, పొద్దుగూకే దాకా ఊరి ముచ్చట్లు చెప్పుకునే కూలివాడికి అదే పానశాల. దానికి పూలదండలు లేవు, మెత్తని ఆసనాలు లేవు. హాయి మాత్రం ఉంది. వేలంపాట పెరిగిన కొద్దీ ఆ హాయి తగ్గింది. గుత్త సొమ్ము రాబట్టుకోవడానికి కల్లులో కల్తీ కలిసింది. క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాడు అది దొరకని రోజు పిచ్చివాడైపోయిన సంగతి సరిహద్దుకు ఇరువైపులా మీరు ఎరిగిందే.

మద్యం రాబడి ఎంత బలమైనదో తుంగభద్ర అవతల కర్నూలుకు బాగా తెలుసు. ఆంధ్ర రాష్ట్రానికి అది రాజధానిగా ఉన్న రోజుల్లో, మద్యనిషేధం ఎత్తివేయాలని గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షాన పోరాడారు. నిషేధం మీద వచ్చిన రగడలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఇక ఆ నాలుగో మనిషి. కౌటిల్యుని లెక్కలో గాని, నిజాం దఫ్తరులో గాని ఆమెకు చోటు లేదు. ఆమె ఇంట్లో పొయ్యి ముందు కూర్చుని కూలిడబ్బుల కోసం ఎదురుచూసే ఇల్లాలు. 1980ల్లో ఆంధ్రప్రదేశ్‌లో సారా పాలిథిన్ పొట్లాల్లోకి వచ్చింది. తాగడానికి కూర్చునే చోటు కూడా అక్కర్లేకపోయింది. మొగుడితో పాటు పొట్లం ఇంట్లోకే వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతికి వెళ్లిన ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మగారి వంటివారు, సారా దుకాణం మూయించారు. ఊరూరా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ రెండేళ్లు అవతలివాళ్ల దాహం ఇవతలి మన దుకాణాలకు గిరాకీ అయింది. కర్ణాటకలో సారా నిషేధం 2007 జూలైలో గాని రాలేదు.

శ్రోతలారా, పదిమంది హాయిగా కూర్చునే చోటు ఉండటం తప్పు కాదు. మనిషికి పని ముగిశాక నీడా, నేస్తమూ కావాలి. పాత పేటలోని కాక్‌టెయిల్ బారైనా, ఊరి చివర ఈతచెట్టు కిందైనా ఆ కోరిక ఒక్కటే. అయితే బారులో గ్లాసు పట్టినవాడు ఖర్చు పెట్టేది ఎక్కువగా మిగులు డబ్బు. చెట్టు కింద కూలివాడు ఖర్చు పెట్టేది రేపటి జొన్నలు. ఏ పానశాల మంచిదో, ఏది చెడ్డదో తేల్చాలంటే అక్కడి కుర్చీలు, దీపాలు చూస్తే చాలదు. అక్కడి నుంచి లేచిన మనిషి ఇంటికి ఏం తీసుకుపోయాడో చూడాలి. ఆ లెక్క ఖజానా పుస్తకంలో దొరకదు. ఆ ఇంటి ఇల్లాలిని అడగాలి.