కాలేజ్ రోడ్డు పేరులో ఉన్న కాలేజీ

చెన్నపట్నంలో ఉన్న మన బంధువులందరికీ నుంగంబాకం కాలేజ్ రోడ్డు తెలుసు. పిల్లల సర్టిఫికెట్ల పని మీద అక్కడి డీపీఐ ఆఫీసు చుట్టూ తిరగని ఇల్లు మనలో తక్కువ. పోయిన నెల ఆ దారిన వెళ్తుంటే మా మనవడు "ఏ కాలేజీ తాతా ఇది?" అని అడిగాడు. ఎదురుగా ఉన్న విమెన్స్ క్రిస్టియన్ కాలేజీని చూపించి, "ఇదే కాబోలు" అనేశాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే తప్పు చెప్పానని తెలిసింది. ఆ పేరు అంతకన్నా పాతది. మన తెలుగుకి చాలా దగ్గరిది కూడా.

అది 1812లో పెట్టిన సెయింట్ జార్జి కోట కాలేజీ. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర దొరలు జిల్లాలకి వెళ్ళేలోపు అక్కడి భాషలు నేర్చుకోవాలి. అందుకోసం ఎల్లిస్ దొర పూనికతో ఇది మొదలైంది. కొన్నాళ్ళకి నుంగంబాకంలో కూవం ఒడ్డున స్థిరపడింది. పేరుకి దొరల చదువే కానీ, చదువు చెప్పింది మన పండితులు. పట్టాభిరామశాస్త్రిగారు, రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు తెలుగు చెప్పినవాళ్ళలో ఉన్నారు. కాలేజీకి సొంత అచ్చుకూటం ఉండేది. 1816లో క్యాంబెల్ దొర తెలుగు వ్యాకరణం ఆ అచ్చుకూటం నుంచే వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ ఎల్లిస్ ఆ పుస్తకానికి రాసిన ముందుమాటలోనే చూపించాడు. కాల్డ్వెల్ పుస్తకం రావడానికి అది నలభై ఏళ్ళు ముందు.

1817లో మద్రాసు వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా ఈ కాలేజీ విద్యార్థే. వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాడు. 1820లో కడప వెళ్ళాక తాటాకు పుస్తకాలు వెతకడం పట్టుకున్నాడు. అక్కడ తన బంగళాలో పండితుల్నీ, లేఖకుల్నీ సొంత జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. ఒకే కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు. ఒకరు పైకి చదువుతుంటే మిగిలినవాళ్ళు తమ తమ ప్రతుల్లో తేడాలు చూసేవాళ్ళు. ఆ తర్వాత శుద్ధప్రతి రాయించి, కాగితం మీదికి ఎక్కించేవాళ్ళు. జనం ఆ బంగళానే 'బ్రౌన్ కాలేజీ' అన్నారు. నా మటుకు అసలైన చదువుల గది అదే. పుస్తకం, దాన్ని చదవగలిగే మనిషి, చదివింది విని సరిచూసే ఇంకో మనిషి ఉంటే చాలు.

ఇప్పుడు నుంగంబాకం కాలేజీ గ్రంథాలయం దగ్గరికి వద్దాం. అందులో మూడు పెద్ద సేకరణలు చేరాయి. మొదటిది మెకంజీ దొరది. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు ఆయనకి కుడిభుజాలు. ఊరూరా సేకరించిన కైఫీయత్తులు, శాసనాల నకళ్ళు అందులో ఉన్నాయి. రెండోది లేడెన్ అనే పండితుడిది. ఆయన 1811లో పోయాక ఆ కట్టలు లండన్‌లో కంపెనీ గ్రంథాలయానికి చేరాయి. అక్కడ పట్టించుకునేవాళ్ళు లేక పడి ఉంటే, బ్రౌన్ చూసి, పట్టుబట్టి మద్రాసుకి వెనక్కి పంపించేలా చేశాడు. మూడోది బ్రౌన్ తనదే, రెండు వేలకు పైగా వ్రాతప్రతులు.

1854లో కాలేజీ ఎత్తేశారు. పుస్తకాలు మాత్రం మిగిలాయి. విలియం టేలర్ 1857 నుంచి 1862 దాకా మూడు సంపుటాల్లో వాటి పట్టిక వేశాడు. ఆ పుస్తకం పేరులోనే 'లేట్ కాలేజ్' అని రాసుకున్నాడు, పోయిన మనిషిని చెప్పినట్టు. ఆ పుస్తకాలే ఇవాళ్టి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి పునాది. కొన్నాళ్ళు అది ప్రెసిడెన్సీ కాలేజీ నీడలో ఉంది. తర్వాత చాలా ఏళ్ళు చేపాక్‌లో యూనివర్సిటీ గ్రంథాలయ భవనంలో ఉంది. ఇప్పుడు కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయానికి చేరింది.

ఇన్ని గడపలు మారినా ఆ పుస్తకాలు బతికాయంటే దానికి కారణం గోడలూ బీరువాలూ మాత్రమే కాదు. తాటాకుని ఎంత జాగ్రత్తగా పెట్టినా ఏదో ఒకనాడు పొడి రాలిపోతుంది. పాత ఆకు పోయేలోపు కొత్త ప్రతి రాసిన చేతుల వల్లే అవి నిలిచాయి. మానవల్లి రామకృష్ణకవిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు లాంటివాళ్ళు ఆ గ్రంథాలయంలో పనిచేసి, కట్టలు విప్పి చదివి, లోకానికి అందించారు. తమిళ ఊరి నడిమధ్య, తెలుగు తెలిసిన మనుషులు కూర్చున్నారు కాబట్టే అవి తెలుగు పుస్తకాలుగా మిగిలాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఇంట్లోనూ ఒక కట్ట ఉంది. రెండు చెక్కల మధ్య, ఎర్ర గుడ్డలో చుట్టి, పూజగదిలో పెట్టిందే. ఏటా సరస్వతీపూజకి పసుపు కుంకుమ పెడతాం, దణ్ణం పెడతాం, మళ్ళీ పైన పెట్టేస్తాం. అందులో రామాయణం ఉందని ఒకరంటారు, వైద్యమని ఇంకొకరంటారు. చదవగలిగిన మా మేనత్త పోయి పదకొండేళ్ళయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా పక్కన కూర్చుని "చదువు అత్తా" అని అడగలేదు. ఆ తప్పు నాదే.

ఈ ఏడు పూజకి అందరూ వచ్చినప్పుడు ఆ కట్ట విప్పుదాం. కుంకుమ ఆకులకి తగలకుండా విడిగా పెడదాం. ఒక్కో ఆకుకీ ఫోటో తీసి, పాత లిపి తెలిసినవాళ్ళకి చూపిద్దాం. మనవడు ఇప్పుడే గుణింతాల దాకా వచ్చాడు. మొదటి ఆకులో ఒక్క అక్షరం గుర్తుపట్టినా చాలు, వాడు అడిగిన ప్రశ్నకి అప్పుడు సరైన జవాబు చెప్పినట్టవుతుంది.