కమలాపండు చిన్న ఆరెంజ్ కాదు

కమలాపండు, బత్తాయి, నారింజ. మన ఇళ్ళల్లో ఈ మూడింటికీ మూడు పేర్లు, మూడు వాడుకలు. కమలా వలుచుకుని తొనలు తినడానికి. బత్తాయి రసం తీయడానికి, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవాళ్ళకి ఇవ్వడానికి. పుల్లటి నారింజ పచ్చడి పెట్టుకోవడానికి. ఇప్పుడు మన పిల్లల నోట్లో మిగిలింది ఒక్క ఆరెంజ్. పేరే కదా, ఏదైతేనేం అనిపిస్తుంది. కానీ ఈ పేర్ల వెనక ఎంత చరిత్ర ఉందో తెలిస్తే వదులుకోవడానికి మనసొప్పదు.

మా చెల్లెలు అమెరికా వెళ్ళిన కొత్తలో ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడి ఆరెంజ్ తొక్క చేత్తో రావట్లేదు, చాకు పెట్టాల్సి వస్తోంది" అంది. ఎందుకొస్తుంది? అది మన కమలా కాదు కదా! వాళ్ళు ఆరెంజ్ అనేది మన బత్తాయి జాతి. మనం ఆరెంజ్ అనేదాన్ని వాళ్ళు మాండరిన్ అంటారు. అందులో బాగా ముదురు రంగులో ఉండే ఒక రకమే టాంజరిన్. తొక్క వదులుగా ఉండి, పైనా కిందా కాస్త అణిగి, తొనలు సులువుగా విడిపోతే అది కమలా కుటుంబం. గుండ్రంగా ఉండి, తొక్క కండని అంటిపెట్టుకుని ఉంటే ఆరెంజ్.

ఆ లెక్కన నల్గొండ బత్తాయి, అనంతపురం చీనీ రెండూ అసలైన ఆరెంజ్‌లే. రాత్రిళ్ళు బాగా చల్లబడితేగానీ తొక్కకి ఆ ఎర్రటి పసుపు రాదు. అందుకే మన వేడికి లోపల పండినా పైన పచ్చగానే ఉండిపోతాయి. ఇక ఆరెంజ్‌లకి పేరుమోసిన నాగపూర్ పండు మాత్రం కమలాయే!

సైజు చూసి కమలా అంటే ఆరెంజ్‌కి చిట్టి చెల్లెలనుకుంటాం. నిజానికి వరస తిరగబడి ఉంది. నిమ్మజాతి చెట్ల జన్యువుల్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో ఈ వంశవృక్షాన్ని వివరంగా బయటపెట్టారు. వీటి పుట్టిల్లు హిమాలయాల తూర్పు వైపు, అస్సాం నుంచి బర్మా, చైనా యునాన్ దాకా ఉన్న కొండల దగ్గర. కమలా, పంపరపనస, మాదీఫలం ఆ వంశంలో పెద్దవాళ్ళు. పుల్ల నారింజకి తల్లి పంపరపనస, తండ్రి కమలా. తియ్యటి ఆరెంజ్‌లోనూ ఈ ఇద్దరి రక్తమే, కాకపోతే కలయికలు ఎక్కువసార్లు జరిగాయి. నారింజ, మాదీఫలం కలిస్తే పుట్టింది పసుపుపచ్చటి పెద్ద నిమ్మ, అంటే విదేశాల లెమన్. వరసకి కమలాకి మనవరాలన్నమాట.

వీటి ప్రయాణం పేర్లలోనే కనిపిస్తుంది. ముందు బయలుదేరింది పుల్ల నారింజ. సంస్కృతంలో నారంగ, పర్షియన్‌లో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహ. ఫ్రెంచి, ఇంగ్లీషు దాకా వెళ్ళేసరికి మొదటి 'న' రాలిపోయి ఆరెంజ్ మిగిలింది. అసలు ఆ మాట దక్షిణాది భాషల నుంచే సంస్కృతంలోకి వెళ్ళిందని చాలామంది భాషావేత్తల మాట. పండుని ఐరోపా దక్షిణ తీరాలకి తీసుకెళ్ళింది అరబ్బులు. స్పెయిన్‌లోని సెవిల్ వీధుల్లో ఇప్పటికీ ఆ పుల్ల నారింజ చెట్లే ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళ మార్మలేడ్ ఆ కాయలతోనే. ఆ పండు వెళ్ళాకే ఇంగ్లీషులో ఆ రంగుకీ పేరు వచ్చింది.

తియ్యటి ఆరెంజ్ ఐరోపాలో బాగా వ్యాపించింది తర్వాత ఎప్పుడో, పోర్చుగీసు వర్తకుల చలవతో. అందుకే అరబ్బీలో బుర్తుకాల్, టర్కీలో పోర్తకాల్, గ్రీకులో పోర్తొకాలి. అన్నిట్లోనూ పోర్చుగల్ పేరే. డచ్చివాళ్ళు మాత్రం దాన్ని 'చైనా ఆపిల్' అనే అర్థం వచ్చేలా పిలుచుకుంటారు. మన రాయలసీమవాళ్ళు చీనీ అంటున్నది కూడా ఆ చైనానే తలుచుకుని.

ఇంటికి పెద్దదైన కమలా అందరికంటే ఆలస్యంగా గడప దాటింది. 1805లో చైనాలోని కాంటన్ నుంచి మొక్కలు ఇంగ్లండ్ చేరాయి. మాండరిన్ అంటే చైనా రాజోద్యోగి. పోర్చుగీసువాళ్ళు మలయ్ భాష నుంచి తెచ్చుకున్న ఆ మాటకి మూలం మన 'మంత్రి'! మొరాకోలోని టాంజియర్ రేవు నుంచి వచ్చిన రకం టాంజరిన్ అయింది. ఓడెక్కిన ఊరే ఇంటిపేరైపోయింది.

ఇంకో రకం సత్సుమా. జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసిన జనరల్ వాన్ వాల్కెన్‌బర్గ్ భార్య 1878లో సత్సుమా ప్రాంతం నుంచి మొక్కల్ని తన దేశానికి పంపింది. ఆ పేరు పెట్టింది ఆవిడేనంటారు. ఒక పండుకి ప్రపంచమంతా పిలుచుకునే పేరిచ్చిన ఆవిడని మాత్రం చాలా పుస్తకాల్లో "జనరల్‌గారి భార్య" అనే రాశారు.

పేరు పోతే ఏం పోతుందో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. అమ్మమ్మ నారింజకాయ పచ్చడి చెబితే, కోడలు ఆరెంజ్ అనుకుని కమలా కొనుక్కొస్తే, ఆ రుచి ఆ ఇంట్లో ఇక ఉండదు. కమలాలు వచ్చే కాలంలో పిల్లల చేతిలో తొన పెడుతూ ఇది కమలా అనీ, రసం ఇస్తూ ఇది బత్తాయి అనీ చెప్పండి. స్కూల్లో ఆరెంజ్ ఎలాగూ నేర్పుతారు, మిగతావి నేర్పాల్సింది మనమే.