పాషాణం పూసిన పులి

మెదక్ జిల్లా చేగుంట చుట్టుపక్కలే కాదు, తెలంగాణ పల్లెల్లో పాడి ఉన్న ప్రతి ఊరికీ ఓ పాత ఉపాయం తెలుసు. ఈనిన బర్రెకు దుడ్డె చచ్చిపోతే అది చేపదు. అప్పుడు చచ్చిన దుడ్డె తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించేవారు. దాన్ని తెచ్చి ముందు నిలబెడితే బర్రె వాసన చూసి, నాకి, చేపుకొచ్చేది. ఆ గడ్డి దుడ్డె ఒక ఈత పాలకాలం నిలిస్తే చాలు, నూరేళ్లు ఉండనక్కర్లేదు. నిలవాల్సిన తోలుకు వేరే పద్ధతి ఉంది: లంద అనే తొట్టిలో తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి ఊనడం. ఇవాళ రాష్ట్ర పుష్పంగా గౌరవం అందుకుంటున్న తంగేడుకు తోలు పనివాళ్ల దగ్గర అంతకుముందే పేరుంది.

చచ్చిన జంతువును బతికున్నట్టు నిలబెట్టే విద్య మన పల్లెలకు కొత్తకాదన్నమాట. దాన్ని గోడకెక్కించి గొప్పగా చూపుకోవడం మాత్రం దర్బారులతో, దొరలతో వచ్చింది.

చేగుంట నుంచి మెదక్ మీదుగా ఎల్లారెడ్డి దారి పడితే పోచారం అడవి వస్తుంది. అది ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో అభయారణ్యమైంది. అక్కడ ఇప్పుడు చిరుతలు, ఎలుగుబంట్లు, మనుబోతులు ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గురి తప్పని వేటగాడని పేరు. ఆయన వేట శిబిరాలను రాజా దీన్‌దయాళ్ కెమెరా పట్టుకుంది. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాద్ రాజ్యానికి అతిథిగా వచ్చి వేటాడి వెళ్లాడు. తర్వాత 1914లో సరాయెవోలో హత్యకు గురైంది ఈయనే. ఆ హత్యే మొదటి ప్రపంచ యుద్ధానికి దారితీసింది. ఆయన కొనొపిష్టె కోటలో వేట గుర్తులు ఇప్పటికీ గోడల నిండా ఉన్నాయి.

ఇలా వేటల్లో చచ్చిన పులులు ఎన్నో తర్వాతి కాలంలో చేరిన చోటు మైసూరు. 1900 ప్రాంతంలో యూజీన్ వాన్ ఇంగెన్ అక్కడ పెట్టిన కార్ఖానాను ఆయన కొడుకులు నడిపారు. వేటగాళ్లు ఉప్పు పట్టించిన తోళ్లు పంపేవారు. కార్ఖానాలో వాటిని పదును చేసి, అచ్చుల్లో పోసిన కాగితపు గుజ్జు బొమ్మకు తొడిగి, గాజు కళ్లు పెట్టేవారు. చరిత్రకారుడు పాట్ మోరిస్ అంచనా ప్రకారం అక్కడ తయారైనవి 43 వేలకు పైనే. వాటిలో ఎక్కువ పులులు, చిరుతలు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక పని సన్నగిల్లి, 1990ల చివర మూతపడింది. 43 వేలనే ఆ సంఖ్య చదివినప్పుడు చేతిపనితనం మీద మెచ్చుకోలు కన్నా, ఖాళీ అయిన అడవుల మీద దుఃఖమే ఎక్కువ కలుగుతుంది.

ఇన్నేళ్లు ఆ తోళ్లు పురుగు పట్టకుండా ఎలా నిలిచాయి? పాషాణంతో. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సులో బెకోర్ అనే ఆయన తెల్ల పాషాణం, సబ్బు, కర్పూరం, సున్నం కలిపి లేహ్యంలాంటి మందు కనిపెట్టాడు. తోలు లోపలివైపు దాన్ని పూస్తే పురుగు దరిచేరదు. ప్రపంచమంతా దాన్నే అందుకుంది. పాత నమూనాల్లో ఆ విషం ఇంకా అలాగే ఉంది. అందుకే మ్యూజియంలలో మరమ్మతుకు కూర్చునేవాళ్లు ముందు చేతొడుగులు, ముక్కుకు మాస్కు వేసుకుంటారు, ఆ తర్వాతే కుంచె పడతారు.

మరమ్మతు ఓపికతో కూడిన పని. ఎండాకాలం తోలు ముడుచుకుంటుంది, వానాకాలం చెమ్మకు సాగుతుంది. లోపలి బొమ్మ మాత్రం కదలదు. దాంతో కుట్ల దగ్గర, పెదవుల దగ్గర పగులుతుంది. మెదక్ లాంటి చోట ఈ రెండు కాలాల తేడా మరీ ఎక్కువ. పగులు కింద సన్నని జపాన్ కాగితం పెట్టి, రేపు అవసరమైతే ఊడదీయగల జిగురుతో అతికిస్తారు. పురుగు పడితే మందు కొట్టరు. సంచిలో మూసి, సున్నాకు ఎంతో దిగువ చలిలో కొన్నాళ్లు ఉంచుతారు. వెలిసిన వెంట్రుకలకు రంగు వేయడం ఇంకా కష్టం. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ 2012లో తన ఉత్తర అమెరికా జంతువుల మందిరాన్ని తిరిగి తెరిచే ముందు, బొచ్చు అట్టకట్టకుండా రంగు పట్టే పద్ధతి కోసం చాలా శ్రమించింది. మన దేశంలో ముంబై సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలో 2009 నుంచి ఒక కేంద్రం ఈ విద్యను నిలబెడుతోంది. అక్కడ వేటలో చచ్చినవి కాదు, జూలలో కన్నుమూసిన జంతువులు వస్తాయి.

విషం నిండిన ఈ పాత తోళ్ల మీద ఇంత శ్రమ ఎందుకు? జవాబు కలివికోడి దగ్గర ఉంది. 1848లో పక్షి శాస్త్రజ్ఞుడు జెర్డాన్ లోకానికి చూపించిన ఈ పిట్ట 1900 తర్వాత కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. చేతికి చిక్కిన ఆ పిట్ట బతకలేదు. దాని తోలును బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దాచింది. ఆ తర్వాత స్కాట్లాండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో, 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర సేకరించిన ఒక గుడ్డు బయటపడింది. ఇంగ్లండులో దాచిన పాత కలివికోడి తోలు కాలివేలి నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చి, అది ఆ పిట్ట గుడ్డేనని తేల్చారు. ఎక్కడ, ఎప్పుడు అని రాసిన చీటీ లేకపోతే ఈ తోళ్లూ గుడ్లూ ఉత్త బొచ్చు, ఉత్త పెంకు. 1931-32లో నిజాం ప్రభుత్వ సాయంతో సలీం అలీ చేసిన హైదరాబాద్ రాజ్య పక్షుల సర్వేకు ఇవాళ్టికీ విలువ ఉండటానికి కారణం ఆ చీటీలే. పోగొట్టుకోవడం మాత్రం ఒక్క రాత్రి పని. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయింది.

పాత గడీలో, తాతల ఇంట్లో, ఏ అటకమీదో జింక తలకాయో చిరుత తోలో ఉంటే దాన్ని కడగకండి, దులపకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. అమ్మడం, కొనడం చట్టప్రకారం నేరం. యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్లు దాన్ని అటవీ శాఖకు స్వచ్ఛందంగా అప్పగించే వీలును వన్యప్రాణి రక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ కల్పించింది. అప్పగించే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఆ జంతువు ఏ అడవిది, ఏ ఏడాదిది, ఎవరు తెచ్చారో అడిగి ఒక కాగితం మీద రాయించండి. తోలుతో పాటు ఆ కాగితాన్నీ ఇవ్వండి.