ట్రాన్స్-ఓషియానిక్ రేడియో: వాల్వునుండి ట్రాన్సిస్టరుకు

పాత రేడియో ఒకటి చేతికి దొరకగానే మనలో చాలమంది మొదట చేయు పని దానిని ప్లగ్గులో పెట్టి చూచుట. అమెరికాలో తయారైన ‘జెనిత్ ట్రాన్స్-ఓషియానిక్’ విషయములో ఆ తొందరయే దాని ప్రాణము తీయును. ఆ సెట్టు సుమారు 115 వోల్టుల విద్యుత్తుకు చేసినది. మన ఇండ్లలోనిది 230 వోల్టులు.

దీనికి మూలపురుషుడు షికాగోలోని జెనిత్ కంపెనీ అధ్యక్షుడైన యూజీన్ ఎఫ్. మెక్డానల్డ్. 1925లో డోనాల్డ్ మాక్మిలన్ నాయకత్వమున ఉత్తర ధ్రువ ప్రాంతమునకు సాగిన యాత్రలో ఈయన ఒక నౌకకు అధిపతి. హ్రస్వతరంగములు ఎంత దూరము పోగలవో అక్కడనే కండ్లార చూచినాడు. తరువాత తన విహారనౌకపై దూరదేశముల వార్తలు వినుటకు తగిన చేతిపెట్టె రేడియో కావలెనని ఇంజనీర్ల వెంట పడినాడు. పెట్టెకు రూపము దిద్దినవాడు రాబర్ట్ బడ్‌లాంగ్. 1942 ఆరంభములో 75 డాలర్ల ధరకు అది బజారులోకి వచ్చినది. ముందరి బట్టపై మొదట తెరచాప పడవ ఉండెడిది. అమెరికా యుద్ధములో దిగిన పిమ్మట ఆ చోట బాంబరు విమానము వెలిసినది! ఆ ఏప్రిల్‌లోనే యుద్ధమువలన తయారీ ఆగినది. అప్పటికి తయారైనవి సుమారు 35 వేలు.

ఇనుప గోడల ఓడలోను, రైలుపెట్టెలోను రేడియో సరిగా పలుకదు. లోహము తరంగములను లోనికి రానీయదు. అందుచే ఈ సెట్టులోని ఏరియలు చుట్టను ఊడదీసి, రబ్బరు గిన్నెలతో కిటికీ అద్దమునకు అంటించు ఏర్పాటు చేసినారు. ఇంత చిన్న ఉపాయమే సెట్టుకు సగము పేరు తెచ్చినదని నా అభిప్రాయము.

మరొకటి డయలు. 300ని మీటరుల సంఖ్యతో భాగించినచో మెగాహెర్ట్జులు వచ్చును. 31 మీటరులనగా సుమారు 9.7 మెగాహెర్ట్జులు. సాధారణ రేడియోలో ఈ 31 మీటరుల స్టేషనులన్నియు డయలుపై వెంట్రుకవాసి చోటులో ఇరుకుకొని ఉండును. 1951 నాటి హెచ్-500 సెట్టులో 31, 25, 19, 16 మీటరులలో ఒక్కొక్కదానికి డయలు పొడవునా చోటిచ్చినారు.

ఇక లోపలికి పోదము. హెచ్-500లో ఐదు వాల్వులు. వాటి తంతువులు పందిరి దీపాల తోరణమువలె శ్రేణిలో ఉండును. నాల్గింటికి 1.4 వోల్టుల చొప్పున, ఐదవదానికి 2.8, వెరసి 8.4. దీనికై 9 వోల్టుల బాటరీ, ప్లేటులకై 90 వోల్టుల బాటరీ. ఈ ఐదింటిలో 1ఎల్6 అనునది కీలకము. వచ్చిన తరంగమును సెట్టులోనే పుట్టిన మరొక తరంగముతో కలిపి 455 కిలోహెర్ట్జులకు దింపునది ఇదియే. ఇటువంటి సెట్లలో తప్ప దాని వాడుక అరుదు. కనుక ఈనాడు అది కాలిపోయినచో ఇంకొకటి దొరకుట కష్టము.

మరమ్మతులో ఒక చిత్రమున్నది. కరెంటుతో నడచునప్పుడు ఏసీని డీసీగా మార్చుటకు ఇందులో సెలీనియం రెక్టిఫయరు ఉన్నది. అది పాతబడినదని తీసి, మేలైన సిలికాన్ డయోడు పెట్టినారనుకొనుడు. సెలీనియం తనలోనే కొన్ని వోల్టులు మింగును. సిలికాన్ ఒక్క వోల్టైనను మింగదు. ఆ మిగులు వోల్టులు తంతువులపై పడి, మంచి భాగము పెట్టిన పాపానికి 1ఎల్6 మాడిపోవచ్చును! శ్రేణిలో తగిన నిరోధమును చేర్చి, తంతువుల వోల్టులు కొలిచిన పిమ్మటనే వాల్వులు గ్రుచ్చవలెను. మైనపు కాగితపు కండెన్సరులు తేమ పీల్చి విద్యుత్తును కార్చును గనుక అన్నింటిని మార్చవలసినదే. పైగా ఇందులో ట్రాన్స్‌ఫార్మరు లేదు. ఛాసిస్‌కే కరెంటు తగిలియుండవచ్చును. విద్యార్థులు ఒంటరిగా దీనిపై చేయివేయరాదు. రెండు చుట్టలు వేరువేరుగా నున్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా మాత్రమే కరెంటు ఇవ్వవలెను.

1957లో ట్రాన్సిస్టరులతో ‘రాయల్ 1000’ వచ్చినది. తొమ్మిది ట్రాన్సిస్టరులు, 250 డాలర్ల ధర. కాచవలసిన తంతువులు లేవు, 90 వోల్టులు అక్కరలేదు. టార్చిలైటు సెల్సు చాలును. హెచ్-500కు తగిన జంట బాటరీ నేడు అంగళ్ళలో లేదు. 1.5 వోల్టుల సెల్సు ఆరు, 9 వోల్టులవి పది కూర్చి దానిని ఇంటిలోనే తయారుచేసుకొనవలెను. రాయల్ 1000లో చెడునవి వేరు: ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులు, మరచిపోయిన సెల్సునుండి కారి రాగిని తినివేసిన ద్రవము.

బాగుచేయని సెట్టుతో బాగుచేసిన సెట్టును పోల్చి, వాల్వు గొప్పదనియో ట్రాన్సిస్టరు గొప్పదనియో తీర్పు చెప్పువారు పెక్కుమంది. రెండింటిని బాగుచేసి, ఒకేచోట, ఒకే ఏరియలుతో వినవలెను. రెండింటిలోను తరంగమును మొదటనే పెంచు దశ ఉన్నది. బాండ్ల పంపకము దగ్గర దగ్గరగా ఒకటే. కావున నా మట్టుకు, ట్రాన్సిస్టరు గెలిచినది వినికిడిలో కాదు, బాటరీ ఖర్చులో.

పోల్చునప్పుడు 16 మీటరులు పగలు, 31 మీటరులు రాత్రి వినవలెను. స్టేషనులు కూడ తగ్గినవి, బి.బి.సి. 2001 జూలైలో ఉత్తర అమెరికాకు హ్రస్వతరంగ ప్రసారములు మానివేసినది. డయలు నిశ్శబ్దముగా నున్నచో వెంటనే 1ఎల్6ను ఊడదీయక, రెండవ సెట్టును కూడ అక్కడికే త్రిప్పి చూడుడు.