యంత్ర పరిమితి, కథావస్తువు : జాన్ లాసెటర్ దర్శకత్వ ప్రస్థానం

కంప్యూటర్ యానిమేషన్ చరిత్రను సాంకేతిక విజయాల వరుసగా రాయడం పరిపాటి. అందుకు భిన్నంగా, సమస్తాన్నీ ఒక దర్శకుని ప్రతిభకే ఆపాదించే ధోరణీ ఉంది. ఈ రెంటిలో ఏదీ జాన్ లాసెటర్ ప్రస్థానాన్ని సరిగా వివరించలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1957లో జన్మించిన లాసెటర్ కాలిఫోర్నియాలో చేతిగీత యానిమేషన్ అభ్యసించి డిస్నీ స్టూడియోలో చేరాడు. ‘ట్రాన్’ (1982) చిత్రం కోసం కంప్యూటర్‌తో రూపొందించిన దృశ్యాలు అతణ్ణి ఆకర్షించాయి. కంప్యూటర్ నేపథ్యంలో చేతితో గీసిన పాత్రలను నడిపే ప్రయోగాన్ని గ్లెన్ కీన్‌తో కలిసి చేశాడు. ఆ మార్గంలోనే ఒక పూర్తి నిడివి చిత్రాన్ని ప్రతిపాదించగా స్టూడియో దాన్ని తిరస్కరించి, అతణ్ణి ఉద్యోగం నుంచి తొలగించింది. అప్పుడు ఆదరించిన లూకస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగమే 1986లో స్టీవ్ జాబ్స్ పెట్టుబడితో పిక్సార్ సంస్థగా వేరుపడింది.

అదే ఏడాది సిగ్రాఫ్ సదస్సులో ప్రదర్శించిన ‘లక్సో జూనియర్’ను ఇక్కడ కొంత వివరంగా గమనించాలి. అందులో పాత్రలు రెండు బల్లదీపాలు మాత్రమే. వాటికి ముఖం లేదు, మాట లేదు. బరువు, వేగం, తల వంపులే భావాన్ని తెలుపుతాయి. ప్రదర్శన ముగిశాక గ్రాఫిక్స్ శాస్త్రవేత్త జిమ్ బ్లిన్ ఒక సందేహంతో తన దగ్గరకు వచ్చాడనీ, నీడల గణన గురించి అడుగుతాడేమోనని తాను జంకితే, పెద్ద దీపం తల్లా తండ్రా అని అడిగాడనీ లాసెటర్ తరచూ చెప్పేవాడు. చేతిగీత యానిమేషన్ సూత్రాలు త్రిమితీయ కంప్యూటర్ యానిమేషన్‌కు ఎలా వర్తిస్తాయో మరుసటి ఏడాది అదే సదస్సులో సిద్ధాంత పత్రంగానూ సమర్పించాడు.

నాటి యంత్రాలకు నిగనిగలాడే గట్టి ఉపరితలాలు సులువు. చర్మం, జుట్టు, వస్త్రం కష్టం. ఆస్కార్ పొందిన తొలి కంప్యూటర్ యానిమేషన్ చిత్రం ‘టిన్ టాయ్’ (1988)లో రేకు బొమ్మ సజీవంగానూ, పసిబిడ్డ కృతకంగానూ కనిపించడానికి కారణమిదే. ‘టాయ్ స్టోరీ’ (1995) ఈ పరిమితిని దాచలేదు, బొమ్మలనే కథానాయకులుగా ఎంచుకుంది. కాని అనువైన వస్తువు దొరికినంత మాత్రాన కథ కుదరదు. 1993 నవంబరులో చూపిన చిత్తుప్రతిలో వుడీ పాత్ర దుర్మార్గంగా తోచడంతో డిస్నీ నిర్మాణాన్ని నిలిపివేయించింది. ఆ పాత్రను తిరిగి తీర్చిదిద్దినవారిలో ఆండ్రూ స్టాంటన్, పీట్ డాక్టర్, జో రాన్ఫ్ట్ ఉన్నారు. చిత్ర కథారచయితలుగా లాసెటర్‌తో పాటు వారి పేర్లూ నమోదయ్యాయి.

2006లో డిస్నీ పిక్సార్‌ను కొనుగోలు చేయడంతో, ఒకప్పుడు తనను తొలగించిన స్టూడియోకే లాసెటర్ సృజనాత్మక అధిపతి అయ్యాడు. తన ప్రవర్తన కొందరు ఉద్యోగులకు ఇబ్బంది కలిగించిందని అంగీకరిస్తూ 2017లో సెలవుపై వెళ్లి, 2018 చివర సంస్థను వీడాడు. అతని ఆధిపత్య కాలంలోనే ‘బ్రేవ్’ (2012) దర్శకత్వం నుంచి బ్రెండా చాప్‌మన్‌ను నిర్మాణం మధ్యలో తప్పించారు. ఆ చిత్రానికి వచ్చిన ఆస్కార్‌ను మాత్రం తన స్థానంలో వచ్చిన మార్క్ ఆండ్రూస్‌తో కలిసి ఆమె కూడా అందుకుంది.