ఎనిమిది దేశాలు, ఒక జర్మనీ

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2004 మే 1న పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. వాటిలో సైప్రస్, మాల్టా బుల్లి ద్వీపాలు, వాటి గురించి ఎవరికీ బెంగ లేదు. మిగతా ఎనిమిదీ (పోలండ్, చెక్, స్లొవేకియా, హంగరీ, స్లొవేనియా, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) ఒకప్పుడు కమ్యూనిస్టు పాలనలో ఉన్నవి. శ్రామికశక్తి అంటే పని చేస్తున్నవాళ్ళూ, పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి. మరి ఆ ఎనిమిది దేశాల శ్రామికశక్తి ఎక్కువా, ఒక్క జర్మనీది ఎక్కువా?

జర్మనీదే. అప్పట్లో ఇక్కడ సుమారు 4 కోట్ల మంది ఉంటే, ఆ ఎనిమిది దేశాల్లో కలిపి 3.3 కోట్లు. అందులో సగం, అంటే 1.7 కోట్లు, ఒక్క పోలండ్‌లోనే. ఎస్టోనియాలో 7 లక్షలు కూడా లేరు.

అయినా భయపడింది జర్మనీయే. 2000 డిసెంబరులోనే చాన్సలర్ ష్రోడర్, చెక్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న వైడెన్ అనే ఊళ్ళో మాట్లాడుతూ, కొత్త దేశాలవాళ్ళకి ఏడేళ్ళపాటు తలుపు తియ్యకూడదన్నాడు. చివరికి కుదిరిన ఒప్పందమూ అదే: రెండేళ్ళు, ఆపైన మూడు, మరీ అవసరమైతే ఇంకో రెండు. జర్మనీ, ఆస్ట్రియా ఏడేళ్ళూ వాడుకున్నాయి.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. జీతాల్లో కొన్ని రెట్లు తేడా. పోలండ్‌లో నిరుద్యోగం 19 శాతం దగ్గర. ఇక్కడి పరిస్థితి కూడా బాగాలేదు: 2005 జనవరిలో నిరుద్యోగులు 50 లక్షలు దాటారు (అదే నెలలో లెక్కగట్టే పద్ధతి మారడం కూడా ఒక కారణం). పోలండ్ నిరుద్యోగుల కంటే జర్మనీ నిరుద్యోగులే ఎక్కువన్నమాట! అలాంటప్పుడు "వాళ్ళు ఇన్ని కోట్ల మంది" అంటే ఓటరు మనసులో ఏం మెదులుతుందో చెప్పక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, తలుపు మూసినా కిటికీలు తెరిచే ఉన్నాయి. ఆస్పరాగస్, స్ట్రాబెర్రీ పొలాల్లోకి ఏటా 3 లక్షల దాకా సీజను కూలీలు వచ్చేవారు, ఎక్కువమంది పోలండ్ నుంచే. నడుం వంచే పనికి అభ్యంతరం లేదు, ఉద్యోగానికే అభ్యంతరం.

బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రం మొదటి రోజే తలుపు తీశాయి. బ్రిటన్ ప్రభుత్వం చేయించిన ఒక అంచనా ప్రకారం ఏటా వచ్చేది 5 నుంచి 13 వేల మంది. కానీ 2006 చివరికే పేర్లు నమోదు చేసుకున్నవాళ్ళు 5 లక్షలు దాటారు. ఆ అంచనా వేసినవాళ్ళు జర్మనీ కూడా తలుపు తీస్తుందనుకున్నారు. పక్కింటికి రావలసిన జనం సముద్రం దాటి వెళ్ళారు.

2011 మే 1న జర్మనీ తలుపు తీసింది. వలస పెరిగింది కానీ, చెప్పినంత వరద రాలేదు. ఇంగ్లీషు వచ్చిన కుర్రవాళ్ళు చాలామంది అప్పటికే లండన్, డబ్లిన్ చేరిపోయారు. ఆ ఏడాది జర్మనీలో నిరుద్యోగం సగటున 30 లక్షల లోపుకి దిగింది.

ఇదంతా మనకెందుకంటే, ఇలాంటి లెక్కలోకి మనమూ ఎక్కాం కాబట్టి. 2000 ఆగస్టులో కంప్యూటర్ నిపుణుల కోసం గ్రీన్ కార్డు పథకం మొదలైంది. అంతకు ముందే నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా ఎన్నికల్లో రుట్‌గర్స్ ప్రచారానికి "ఇండియన్ల బదులు పిల్లలు" అన్న నినాదం అంటుకుంది (ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు). భారతదేశ శ్రామికశక్తి అప్పటికే 40 కోట్ల దరిదాపుల్లో ఉంది. జర్మనీ పెట్టిన పరిమితి 20,000. అన్ని దేశాలవాళ్ళూ కలిసినా, 2004 చివరికి పథకం ముగిసేసరికి అదీ నిండలేదు. అయిదేళ్ళకే పరిమితమైన అనుమతి, కొత్త భాష చూసుకుని చాలామంది అమెరికా వైపే మొగ్గారు.

నాకు అర్థమైనంతలో, ఒక ప్రాంతంలో ఎంతమంది ఉన్నారన్నది ఎంతమంది వస్తారో చెప్పదు. జీతం, భాష, వయసు, అంతకుముందే వెళ్ళిన బంధువులు, పక్క దేశం తలుపు, ఇవి చెబుతాయి. 2024 అక్టోబరులో ఇదే జర్మనీ భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏటా 20,000 నుంచి 90,000కు పెంచుతామంది. ఈసారి బెంగ జనం ఎక్కువై కాదు, ఇక్కడ రిటైరయ్యేవాళ్ళు ఎక్కువై. పిలిస్తే వస్తారన్న నమ్మకం కూడా, తలుపు తీస్తే వరదే అన్న భయం లాంటిదే. రెండూ తలలు లెక్కపెట్టి వేసిన అంచనాలే.